పిడికిలి నుంచి స్కోర్ షీట్ దాకా: బాస్కెట్‌బాల్ రెఫరీ సంకేతాలు నేర్చుకున్న వరస

బాస్కెట్‌బాల్ రెఫరీ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు టేబుల్ దగ్గర కూర్చోండి, విజిల్ సంగతి తర్వాత చూద్దాం. నాకు ఈ పని ఆ వరసలోనే వచ్చింది. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు స్కూలు పోటీల్లో మొదట స్కోర్ షీట్ రాశాను, తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకున్నాను, ఆ తర్వాతే కోర్టులోకి దిగాను. అందువల్ల ఒక విషయం గట్టిగా పట్టుబడింది. రెఫరీ చేతులు ఆడించేది ఆటగాళ్లకో, గట్టు మీద కూర్చున్న జనానికో చూపించడానికి అనుకుంటాం. వాళ్లూ చూస్తారు, కాదనను. కానీ ఆ చేతుల్ని అక్షరం అక్షరంగా చదవాల్సినవాడు స్కోరర్. అతను చదివిందే షీట్‌లోకి ఎక్కుతుంది, షీట్‌లో ఉన్నదే ఆట ఫలితం.

అందుకని షీట్ నుంచే మొదలుపెడతాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ స్టేషనరీ షాపుకు పోయినా దొరికే రెండు పెన్నులు చాలు: ఒకటి ఎరుపు, ఒకటి నీలం లేదా నలుపు. 1, 3 క్వార్టర్లు ఎరుపుతో రాయాలి, 2, 4 క్వార్టర్లు ముదురు రంగుతో. దీన్ని చాలామంది అలంకారం అనుకుని ఒకే పెన్నుతో లాగించేస్తారు. మూడో క్వార్టర్లో గొడవ వచ్చి ‘ఈ ఫౌల్ ఎప్పటిది’ అని వెతకాల్సి వచ్చినప్పుడు రంగు ఒక్కటే దారి చూపిస్తుంది. రన్నింగ్ స్కోర్ గళ్లలో (జట్టు మొత్తం పాయింట్ల అంకెలు వరసగా ఉండేవి) రెండు పాయింట్ల బాస్కెట్ అయితే కొత్త మొత్తం మీద ఏటవాలు గీత, పక్కన ఆటగాడి నంబరు. మూడు పాయింట్లయితే ఆ నంబరు చుట్టూ సున్న. ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్) పడితే కొత్త మొత్తం మీద నిండు చుక్క. ఫౌల్ గళ్లలో పర్సనల్‌కు (ఎదుటివాడికి తగిలితే) పీ, టెక్నికల్‌కు (తగలకుండా ప్రవర్తన తప్పితే) టీ, అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కు (ఆట మర్యాద మీరి తగిలితే) యూ, డిస్‌క్వాలిఫయింగ్‌కు (ఆట నుంచి పంపేసేది) డీ. ఫ్రీ త్రోలు ఇచ్చి ఉంటే ఆ అక్షరం పక్కన కిందగా ఎన్ని త్రోలో ఆ అంకె. కింద టీం ఫౌల్స్‌కు క్వార్టర్‌కు నాలుగు గళ్లు, ఒక్కో ఫౌల్‌కు ఒక ఇంటూ గుర్తు.

ఇప్పుడు రెఫరీ వైపు నుంచి చూడండి. ఫౌల్ ఇచ్చాక టేబుల్‌కి మూడే మూడు సంగతులు చెప్పాలి. ఎవరు చేశారు, ఏం చేశారు, దానికి ఏమిటి. నంబరు, ఫౌల్ రకం, శిక్ష. ఆ వరస షీట్ నింపే వరస. స్కోరర్ ముందు ఆ నంబరు ఉన్న వరస మీద వేలు పెడతాడు, తర్వాత ఖాళీ గడి చూసి అక్షరం రాస్తాడు, చివర పక్కన అంకె వేస్తాడు. రెఫరీ ముందుగా ఫౌల్ రకం చూపించి తర్వాత నంబరు చూపిస్తే స్కోరర్ వేలు ఎక్కడా ఆనదు. ‘సార్, మళ్లీ’ అని అరుస్తాడు. అప్పటికే రెఫరీ వీపు తిప్పి ఫ్రీ త్రో లైన్ వైపు నడుస్తుంటాడు.

విజిల్ పడిన క్షణం నుంచి వరసగా చెప్తాను. ఫౌల్ కనబడగానే విజిల్ ఒక్కసారి, గట్టిగా, తెగ్గొట్టినట్టు. అదే క్షణంలో ఒక చేయి నిటారుగా పైకి, పిడికిలి బిగించి. ఈ పిడికిలి టైమర్‌కి ఆజ్ఞ: గడియారం ఆపు, ఇది ఫౌల్. అదే వయొలేషన్ (ఫౌల్ కాని నియమ ఉల్లంఘన) అయితే పైకెత్తిన చేయి తెరిచిన అరచేయి, వేళ్లు కలిపి. టైమర్ రెండింటికీ గడియారం ఆపుతాడు, కానీ స్కోరర్‌కి తేడా ఆ క్షణంలోనే తెలియాలి. పిడికిలి అయితే పెన్ను మూత తీయాలి, అరచేయి అయితే అక్కర్లేదు. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే: మోచేయి వంచి, భుజం ఎత్తు దాకానే లేపుతారు. మన కోర్టుల్లో టేబుల్ ముందు నుంచి సబ్‌స్టిట్యూట్ పిల్లలు, నీళ్ల బాటిళ్లు అందించేవాళ్లు తిరుగుతూనే ఉంటారు. వాళ్ల తలల పైనుంచి కనబడాలంటే మోచేయి చెవికి ఆనేలా చేయి లేవాలి.

పాత పీఈటీ సార్లు చాలామంది ఇక్కడ ఇంకో పని కూడా చేస్తారు. ఒక చేత్తో పిడికిలి ఎత్తి, రెండో చేత్తో ఫౌల్ చేసిన పిల్లాడి నడుము వైపు చూపిస్తారు. అది ఒకప్పుడు సరైన సంకేతమే, ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల పుస్తకంలోనే ఉండేది. ఇప్పుడు తీసేశారు, పిడికిలి ఒక్కటే చాలు. తీసేయడం మంచిదయింది. వేలెత్తి చూపినట్టు అనిపించి పిల్లలు అక్కడే రెచ్చిపోయేవాళ్లు.

ఇక ఆ పిడికిలి దించాక ఆ చోటే చెప్పేయాల్సిన మాట ఒకటి ఉంది. షూటింగ్‌లో ఉన్నవాడి మీద ఫౌల్ అయితే అక్కడే ఎన్ని ఫ్రీ త్రోలో వేళ్లతో చూపించాలి. షూటింగ్‌లో లేనివాడి మీద అయితే నేల వైపు చూపించాలి. బంతి ఉన్న జట్టువాడే ఫౌల్ చేస్తే పిడికిలిని ఆ జట్టు కాపాడుకునే బుట్ట వైపు, అంటే ఆట ఇకపై సాగే దిక్కుకు చూపించాలి. ఈ ఒక్క కదలికతో పదిమంది ఆటగాళ్లకూ సంగతి తెలిసిపోతుంది, వాదన సగం తగ్గుతుంది. బంతి అప్పటికే గాల్లో ఉండి బుట్టలో పడితే, ఆ బాస్కెట్ లెక్కలోకి వస్తుందో రాదో ముందు తేల్చాలి. వస్తే రెండు వేళ్లు పైనుంచి కిందికి మణికట్టుతో విదిలించాలి. రాకపోతే రెండు చేతులూ ఛాతీ ముందు కత్తెరలా ఒక్కసారి అడ్డంగా తిప్పాలి. కత్తెర ఒక్కసారే. మూడు నాలుగు సార్లు ఊపితే డబుల్ ఫౌలేమోనని (ఇద్దరూ ఒకరిమీద ఒకరు చేసిన ఫౌల్) టేబుల్ అనుమానపడుతుంది, ఎందుకంటే డబుల్ ఫౌల్‌కి రెండు పిడికిళ్లూ తలపైన ఊపుతారు.

ఆ తర్వాత టేబుల్ కనబడే చోటికి పరుగెత్తాలి. ఆగాలి. రెండు కాళ్లూ నేలమీద ఆన్చి నిలబడాలి. స్కోరర్ కళ్లలోకి చూడాలి. అప్పుడే మొదలుపెట్టాలి. నడుస్తూ చూపించే నంబరు టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి ఎలా కనబడుతుందో నేను టేబుల్ మీద నుంచే నేర్చుకున్నాను: వేళ్లు కనబడవు, చేయి ఊగడమే కనబడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక పడమటెండ టేబుల్‌కి ఎదురుగా ఉంటే మరీ కష్టం. టేబుల్ ఎక్కడ వేయాలో పొద్దున మనమే చెప్పగలిగితే, పడమటెండ స్కోరర్ వీపున పడేలా వేయించాలి.

నంబర్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన జిల్లాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, జరగడానికి కారణమూ ఉంది. 2014 దాకా ఫీబా పోటీల్లో ఆటగాళ్లు 4 నుంచి 15 దాకా నంబర్లే వేసుకునేవాళ్లు. పాత జెర్సీలూ అవే, నేర్పిన సార్లూ ఆ పన్నెండు నంబర్ల సంకేతాలతోనే పెరిగారు. ఇప్పుడు 0, 00, 1 నుంచి 99 దాకా ఏదైనా వేసుకోవచ్చు. పిల్లలు తమకిష్టమైన క్రికెట్ ఆటగాడి నంబరు వేసుకుని వస్తున్నారు. 15 దాటిన నంబరు చూపించాలంటే పాతవాళ్ల చేతులు తడబడతాయి.

పద్ధతి ఇది. 1 నుంచి 5 దాకా కుడి చేయి ఒక్కటే. 6 నుంచి 10 దాకా కుడి చేయి ఐదు వేళ్లూ తెరిచి, ఎడమ చేత్తో మిగతావి. 8 అంటే కుడి 5, ఎడమ 3, రెండూ ఒకేసారి. 10 అంటే రెండు చేతులూ పూర్తిగా తెరిచి. 11 నుంచి 15 దాకా కుడి చేయి పిడికిలి, ఆ పిడికిలే పది, ఎడమ చేత్తో మిగతావి. 14 అంటే కుడి పిడికిలి, ఎడమ 4. ఇక్కడి దాకా అందరికీ వచ్చు. 16 నుంచి పద్ధతి మారుతుంది. ముందు పదుల అంకె, చేతి వీపు టేబుల్ వైపు తిప్పి చూపించాలి. తర్వాత ఒకట్ల అంకె, అరచేయి టేబుల్ వైపు తిప్పి చూపించాలి. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో చిన్న విరామం. 23 అంటే ముందు చేతి వీపుతో 2, తర్వాత అరచేత్తో 3. 40 అంటే చేతి వీపుతో 4, తర్వాత అరచేత్తో సున్న. 78 అంటే పదులకే రెండు చేతులూ కావాలి: రెండు చేతుల వీపులూ చూపించి 7, తిప్పి అరచేతులతో 8. 0కి కుడి చేత్తో సున్న చుట్టి చూపిస్తే 00కి రెండు చేతులతోనూ చూపించాలి.

వీపు తిప్పడం ఎందుకంత ముఖ్యమో చూడండి. ఒక పోటీలో రెఫరీ 23కి రెండు చేతులూ ఒకేసారి ఎత్తాడు, ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 3, రెండూ అరచేతులే. స్కోరర్ వేళ్లు లెక్కపెట్టుకుని 5వ నంబరు పిల్లాడి వరసలో పీ రాశాడు. ఆ పిల్లాడికి అప్పటికే నాలుగున్నాయి. అయిదో ఫౌల్ అని గుర్తు ఎత్తారు, పిల్లాడు బయటికి పోవాల్సి వచ్చింది. ‘నేను ఆ పక్కకే పోలేదు సార్’ అని ఏడుస్తుంటే ఎవరికీ అర్థం కాలేదు. షీట్ ముందు పెట్టుకుని, ఇద్దరు రెఫరీలూ కూర్చుని సరిచేసేసరికి ఆట చల్లబడిపోయింది. ఇలాంటిదే 53, 8ల మధ్య కూడా వస్తుంది. 53కి చేతి వీపుతో 5 చూపించి, ఆ చేయి దించకుండా రెండో చేత్తో 3 చూపిస్తే, దూరం నుంచి అది 8 లాగే ఉంటుంది. మొదటి అంకె పూర్తిగా దించి, తర్వాత రెండో అంకె ఎత్తాలి. నోటితో కూడా చెప్పాలి. ‘వైట్, ఇరవై మూడు’ అని. ఫీబా పోటీల్లో ఇంగ్లీషులో చెప్తారు, మన స్కూలు పోటీల్లో తెలుగులో అంటే తప్పేమీ లేదు, టేబుల్‌కి చేరడమే కావాలి. కానీ మాట చేతికి తోడుగానే ఉండాలి, చేతికి బదులు కాదు. పక్క కోర్టులో వాలీబాల్ ఫైనల్ జరుగుతుంటే మాట వినబడదు.

నంబరు తర్వాత ఫౌల్ రకం. వీటిని ఒక్కొక్కటి ఆటలో జరిగిన పనికి అద్దంలా అనుకుంటే మరచిపోరు. పట్టుకుంటే, మన మణికట్టును మనమే పట్టుకుని కిందికి. అడ్డుగా నిలబడి దారి మూస్తే, రెండు చేతులూ నడుము మీద. తోస్తే, రెండు చేతులతో ముందుకు తోసినట్టు. డ్రిబుల్ చేసేవాడి మీద అరచేయి ఆన్చి అడ్డుకుంటే, మన అరచేతిని మనమే పట్టుకుని ముందుకు నెట్టినట్టు. చేతి మీద కొడితే, మణికట్టు మీద తట్టాలి. బంతి పట్టుకున్నవాడే దూసుకొచ్చి గుద్దితే (ఛార్జింగ్), పిడికిలితో రెండో అరచేతిలో గుద్దాలి. మోచేతులు అతిగా తిప్పితే మోచేయి వెనక్కి ఊపి చూపించాలి. తలమీద తగిలితే తలమీద చేయి ఆన్చాలి.

ఇక్కడ తరచూ కలిసిపోయేవి రెండు. నడుము మీద చేతులు పెట్టే సంకేతం డిఫెన్స్ బ్లాకింగ్‌కే కాదు, అఫెన్స్‌లో అక్రమ స్క్రీన్‌కీ (తోటివాడి కోసం ఎదుటివాడి దారికి తప్పుగా అడ్డు నిలవడం) అదే. అందుకని అక్రమ స్క్రీన్ ఇచ్చినప్పుడు పిడికిలిని ఆట దిక్కుకు చూపించడం మరచిపోతే స్కోరర్ ఏ జట్టు ఫౌల్ అని రాయాలో తేల్చుకోలేడు. రెండోది, గుద్దడం. బంతి ఉన్నవాడు గుద్దితే పిడికిలి, అరచేయి. బంతి లేనివాడు గుద్దితే అది తోయడం కిందికే వస్తుంది, రెండు చేతుల సంకేతమే. ‘ఛార్జింగ్ అంటే ఛార్జింగే కదా సార్’ అని వాదిస్తారు. కాదు. సంకేతం చూసి ఎవరి దగ్గర బంతి ఉందో కూడా తెలియాలి.

బుట్ట కింద 1.25 మీటర్ల వ్యాసార్ధంతో ఉండే అర్ధచంద్రం లోపల డిఫెండర్ నిలబడి ఉన్నప్పుడు, డ్రైవ్ చేసి గాల్లోకి లేచినవాడు తగిలితే మామూలుగా ఛార్జింగ్ ఇవ్వరు. మన పాత సిమెంటు కోర్టుల్లో చాలాచోట్ల ఆ అర్ధచంద్రమే గీయలేదు. కొన్నిచోట్ల 2010కి ముందు నాటి ట్రెపీజియం ఆకారపు కీ (బుట్ట ముందు గీసిన గీతల పెట్టె), 6.25 మీటర్ల మూడు పాయింట్ల గీత ఇంకా అలాగే ఉన్నాయి. ఆట మొదలయ్యే ముందు టేపు తీసుకుని 6.75 కొలిచి సుద్దతో గీయించాలి. గీయించడానికి వీలు కాకపోతే ఇద్దరు కోచ్‌లనీ పిలిచి, ఈ గీతే ఈ రోజు గీత అని చెప్పి, స్కోరర్‌కి కూడా చెప్పాలి. మూడు పాయింట్ల షాట్ వేయగానే రెఫరీ ఒక చేయి మూడు వేళ్లతో ఎత్తుతాడు, పడితే రెండు చేతులూ మూడేసి వేళ్లతో ఎత్తుతాడు. ఆ రెండో చేయి లేస్తేనే స్కోరర్ సున్న చుడతాడు. లేవకపోతే ఆ బాస్కెట్ రెండుగానే పోతుంది, ఎంత దూరం నుంచి వేసినా సరే.

మూడో అడుగు శిక్ష. ఒకటో రెండో మూడో వేళ్లు, లేదా ఆట ఏ దిక్కుకు సాగాలో ఆ వైపు చేయి. చేయి సైడ్‌లైన్‌కి సమాంతరంగా ఉండాలి. బెంచ్ వైపు ఏటవాలుగా చూపిస్తే ఎవరి బంతో తెలియక ఇద్దరూ పరుగెత్తుతారు. షూటింగ్‌లో ఉన్నవాడి షాట్ పడితే ఒకటి, పడకపోతే రెండు, మూడు పాయింట్ల షాట్ పడకపోతే మూడు.

అయితే శిక్ష చెప్పేముందు రెఫరీ టేబుల్ అంచు చూడాలి. క్వార్టర్‌లో నాలుగు టీం ఫౌల్స్ అయ్యాక బంతి ఆటలోకి రాగానే ఆ జట్టు బెంచ్‌కి దగ్గరున్న టేబుల్ చివర ఎర్ర గుర్తు పెట్టాలి. ఆ గుర్తు ఉంటే, షూటింగ్‌లో లేనివాడి మీద చేసిన మామూలు ఫౌల్‌కి కూడా రెండు ఫ్రీ త్రోలు. బంతి ఉన్న జట్టే ఫౌల్ చేస్తే మాత్రం ఫ్రీ త్రోలుండవు, ఎదుటి జట్టుకి బంతి, అంతే. ఓవర్‌టైంలో నాలుగో క్వార్టర్ ఫౌల్స్ లెక్కే కొనసాగుతుంది, దాన్ని చెరిపేయకూడదు. మన దగ్గర ఎర్ర గుర్తు దొరకకపోతే ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి పెడతాం, గాలికి పడిపోకుండా అడుగున రాయి. రెఫరీ ఆ గుర్తు చూడకుండా నేల చూపించి సైడ్ బాల్ ఇచ్చేస్తే స్కోరర్ ఊరుకోకూడదు. ఇవ్వాల్సిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం సరిదిద్దుకోదగ్గ తప్పు, కానీ దానికి గడువుంది. తప్పు తర్వాత గడియారం మొదలై, మొదటిసారి బంతి డెడ్ అయి (ఆట ఆగి), మళ్లీ లైవ్ అయ్యేలోపు (ఆటలోకి వచ్చేలోపు) పట్టుకోవాలి. అది దాటితే అంతే సంగతులు.

వయొలేషన్ల సంకేతాలు తేలిక, త్వరగా చెప్పేస్తాను. వరస ఎప్పుడూ ఒకటే: అరచేయి ఎత్తడం, ఏం జరిగిందో చూపించడం, దిక్కు. ట్రావెలింగ్‌కి (డ్రిబుల్ చేయకుండా బంతితో అడుగులేస్తే) రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాలి. డబుల్ డ్రిబుల్‌కి అరచేతులతో నేలను తట్టినట్టు. బంతి కింద చేయి పెట్టి మోసుకెళ్తే అరచేతిని సగం తిప్పాలి. గడువు దాటిన వయొలేషన్లలో 3 సెకన్లకు చేయి చాచి మూడు వేళ్లు, 5కి ఐదు, 8కి ఎనిమిది. షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లు దాటితే వేళ్లతో భుజం తాకాలి. వెనక కోర్టుకి బంతి పోతే ఒంటి ముందు చేయి అటూ ఇటూ. కాలితో తన్నితే కాలు చూపించాలి. హెల్డ్ బాల్ (రెండు జట్లవాళ్లూ బంతిని గట్టిగా పట్టేసుకుంటే) అయితే రెండు బొటనవేళ్లూ పైకి, తర్వాత బంతి ఎవరిదో చూపే టేబుల్ మీది బాణం ఎటుంటే అటు. ఆ బాణం అట్టముక్కతో చేసుకున్నా సరే, దాన్ని తిప్పే బాధ్యత ఒకే మనిషిది కావాలి. త్రో ఇన్ (గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడం) పూర్తయి బంతి కోర్టులో ఆటగాడికి తగలగానే తిప్పాలి. ఇద్దరు తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

మన దగ్గర చాలా కోర్టుల్లో షాట్ క్లాక్ డిస్‌ప్లే లేదు. అక్కడ ఒక మనిషి స్టాప్‌వాచ్‌తో కూర్చుని చివరి ఐదు సెకన్లు గట్టిగా లెక్కపెట్టాలి. రెఫరీ కూడా 5, 8 సెకన్లకు చేయి కదిలిస్తూ కనబడేలా లెక్కపెట్టాలి. షాట్ రింగుకి తగిలి మళ్లీ అదే జట్టుకి దొరికితే 24 కాదు, 14. ఈ ఒక్క మాట టేబుల్‌కి ఆటకి ముందే రెండుసార్లు చెప్పాలి. రీసెట్ సంకేతం చూపుడు వేలు పైకెత్తి చేయి గుండ్రంగా తిప్పడం.

మాటల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు మాట తప్పు నియమాన్ని వెంటబెట్టుకు వస్తుంది. మన పిల్లలు ‘స్టెప్స్’ అంటారు, నియమంలో అది ట్రావెలింగ్. ‘ఇంటెన్షనల్’ అని ఇప్పటికీ అంటారు. ఫీబా మాట అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్, కావాలని చేశాడా లేదా అన్నది ఒక్కటే అక్కడ ప్రశ్న కాదు, బంతి కోసం న్యాయంగా ప్రయత్నించాడా, అతిగా మోటుగా తగిలాడా అన్నదీ చూస్తారు. ‘ఇంటెన్షనల్’ అనుకున్నన్నాళ్లూ ‘నేను కావాలని చేయలేదు సార్’ అన్న మాటకు బదులు చెప్పలేం. ఫోన్లలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసి వచ్చే పిల్లలు ‘డిఫెన్సివ్ త్రీ సెకన్స్ ఇవ్వండి సార్’ అని అడుగుతారు. అది ఎన్‌బీఏ నియమం, ఫీబాలో లేదు. అక్కడ క్వార్టర్ 12 నిమిషాలు, ఇక్కడ 10. అక్కడ ఆరు ఫౌల్స్‌కి బయటికి, ఇక్కడ ఐదుకి. తల వెనక చేయి పెట్టి ఛార్జింగ్ చూపించేది అమెరికా సంకేతం, మన టేబుల్ వాళ్లకు అది ఏమీ చెప్పదు. ‘రీచింగ్’ అని విడిగా ఫౌల్ లేదు. చేయి చాచడం తప్పు కాదు, తగిలి ఎదుటివాడి కదలికను చెడగొడితేనే తప్పు, అప్పుడు దాని పేరు చేతి అక్రమ వాడకం. కోచ్ ‘రీచింగ్ సార్!’ అని అరిచినప్పుడు రెఫరీ మనసులో ఈ తేడా ఉండాలి.

ప్రత్యేకమైన ఫౌల్స్ చూపించేటప్పుడు చేతులు నెమ్మదించాలి. టెక్నికల్‌కి అరచేయి కనబడేలా టీ ఆకారం. టైం అవుట్‌కి కూడా టీనే, కానీ అక్కడ అరచేతి కింద చూపుడు వేలు ఆనాలి. ఈ రెండూ కలిసిపోయి, టైం అవుట్ అడిగిన కోచ్ మీద టెక్నికల్ రాసిన షీట్ నేను చూశాను. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కి మణికట్టు పట్టుకుని పైకెత్తాలి. కిందికి దించి పట్టుకుంటే హోల్డింగ్, పైకెత్తి పట్టుకుంటే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. తేడా అంతే, కానీ శిక్షలో తేడా చాలా ఉంది: అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌కి ఎదుటి జట్టుకి రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా వాళ్లకే, ముందు కోర్టులో త్రో ఇన్ గీత నుంచి. ఆ గీత ఎండ్‌లైన్ నుంచి 8.325 మీటర్ల దూరంలో, టేబుల్‌కి ఎదుటి సైడ్‌లైన్ మీద ఉండాలి. మన కోర్టుల్లో ఇది చాలావరకు ఉండదు, పొద్దునే సుద్దతో గీసుకోవాలి. టెక్నికల్‌కి ఒక్క ఫ్రీ త్రో, తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. రెండు టెక్నికల్స్ గానీ, రెండు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్‌లు గానీ, ఒకటీ ఒకటీ గానీ పడితే ఆటగాడు బయటికే. రెండు పిడికిళ్లూ పైకెత్తితే డిస్‌క్వాలిఫయింగ్. ఆ సంకేతం చూపించేటప్పుడు ఆటగాడికి బాగా దగ్గరగా నిలబడకూడదు.

ఫ్రీ త్రోల దగ్గర ఇద్దరు రెఫరీలూ వేళ్లు చూపించాలి. బంతి ఇచ్చే లీడ్ (బుట్ట దగ్గరి రెఫరీ) కీలో నిలబడి వేళ్లు ఆటగాళ్లకు చూపిస్తాడు. వెనకున్న రెండో రెఫరీ, ట్రైల్ కూడా చూపిస్తాడు: ఒకటైతే చూపుడు వేలు, రెండైతే రెండు చేతుల వేళ్లూ కలిపి, మూడైతే రెండు చేతులా మూడేసి వేళ్లు. ఈ రెండోది ఎందుకు అని చాలామంది మానేస్తారు. లీడ్ టేబుల్‌కి వీపు తిప్పి ఉన్నప్పుడు స్కోరర్‌కి కనబడేది ట్రైలే. చివరి త్రో తప్పి, బంతి ఆటగాడికి తగలగానే చేతితో నరికినట్టు కిందికి దించాలి. టైమర్ అప్పుడే గడియారం మొదలుపెడతాడు.

సాధన ఎలా చేశానంటే, అద్దం ముందు. రోజుకు పది నిమిషాలు, మాట్లాడుతూ. ‘బ్లూ, ముప్పై ఏడు, బ్లాకింగ్, రెండు త్రోలు’ అని ఎవరైనా చెప్తుంటే చేతులు తిప్పడం. ఎంతసేపటికీ తప్పేది 15 దాటిన నంబర్లే, అందుకని వాటినే ఎక్కువ చేయాలి. ఇంకో మంచి పద్ధతి: ఇద్దరు కూర్చుని ఒకరు నోరు తెరవకుండా పది ఫౌల్స్ చూపించాలి, రెండోవాళ్లు నిజమైన స్కోర్ షీట్‌లో రాయాలి. చివర పోల్చుకోవాలి. షీట్‌లో తప్పుంటే రాసినవాళ్లది కాదు, చూపించినవాళ్లది అని ముందే అనుకోవాలి. మే నెలలో సమ్మర్ క్యాంపు జరుగుతున్నప్పుడు ఇది నీడలో కూర్చుని చేసుకోవచ్చు. రోహిణి కార్తె ఎండలో సిమెంటు కోర్టు మీద పది దాటాక ఎవరూ నిలబడలేరు ఎలాగూ.

విజిల్ లోపల గోలీ లేనిది కొనండి. గోలీ ఉన్న విజిల్‌లో ఉమ్మి, దుమ్ము చేరి గోలీ కదలకుండా పోతుంది, అవసరమైన క్షణంలో గాలి బుస్సుమంటుంది. కెనడా రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ సరిగ్గా ఈ ఇబ్బంది వల్లనే గోలీ లేని ఫాక్స్ 40 తయారు చేయించాడు, 1987లో బయటికొచ్చింది. జేబులో రెండోది ఉంచుకోండి. షీట్‌కి క్లిప్ బోర్డు, కింద కూడా ఇంకో క్లిప్పు. సాయంత్రం అయితే మైపాడు వైపు నుంచో, ఒంగోలులో అయితే కొత్తపట్నం వైపు నుంచో గాలి లేస్తుంది, షీటు ఎగిరిపోతే ఆట ఆగిపోయినట్టే. చెమట చేయి పడి సిరా అలుక్కుపోకుండా అరచేతి కింద పాత షీటు ముక్క ఒకటి పెట్టుకోవాలి.

ఆట అయ్యాక సంతకాలు. ఆఖరి స్కోర్ చుట్టూ ముదురు సున్న చుట్టి, కింద రెండు అడ్డగీతలు గీసి, ఖాళీ గళ్లు కొట్టేసి, స్కోరర్, అసిస్టెంట్ స్కోరర్, టైమర్, షాట్ క్లాక్ ఆపరేటర్ సంతకాలు పెడతారు. తర్వాత అంపైర్ (రెండో రెఫరీ). అందరికంటే చివర క్రూ చీఫ్ (ప్రధాన రెఫరీ). ఆయన సంతకం పడ్డాక రెఫరీలకు ఆ ఆటతో సంబంధం తెగిపోతుంది, షీట్‌లో ఒక్క అంకె కూడా మార్చలేరు. అందుకని పెన్ను పెట్టేముందు రన్నింగ్ స్కోర్‌లో మొదటి గడి నుంచి చివరి గడి దాకా వేలు పెట్టుకుని రావాలి, మూడు పాయింట్ల సున్నలు లెక్కపెట్టాలి, ఐదు ఫౌల్స్ ఉన్న ప్రతి వరసా స్కోరర్‌తో కలిసి చదవాలి. కోచ్‌లు పక్కనే నిలబడి ‘త్వరగా సార్, బస్సుకి టైం అవుతోంది’ అంటుంటారు. ఒంగోలు బస్సు పోతే ఇంకోటి వస్తుంది.